కొచ్చిలో రెండు రోజులే ఉంటే ఫోర్ట్ కొచ్చి వీధులా, అలెప్పీ హౌస్‌బోటా?

హన్మకొండ ఉపాధ్యాయిని:
సంక్రాంతి సెలవుల్లో వరంగల్‌లో కేరళ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఎర్నాకుళం వెళ్లాలనుకుంటున్నాము. అత్తమ్మ, మామయ్య, మా వారు, నేను, తొమ్మిదో తరగతి చదివే బాబు, మొత్తం ఐదుగురం. రానుపోను ప్రయాణం తీసేస్తే అక్కడ మిగిలేవి రెండు రోజులు. అందులో ఒకటి అలెప్పీ హౌస్‌బోటుకు ఇవ్వాలని మా వారు పట్టుబడుతున్నారు. ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరి చూడడానికే ఆ రెండు రోజులూ సరిపోవని నా అభిప్రాయం. చూసివచ్చినవారు కారణాలతో చెప్పగలరు.

ఎనుమాముల మిర్చి వ్యాపారి:
టీచరు గారూ, మీ మాటే సరైనది. ఫోర్ట్ కొచ్చికి చాలామంది పొద్దున వెళ్లి, చర్చి ముందు ఫొటో దిగి, మధ్యాహ్నానికి కారెక్కేస్తారు. ఆ తర్వాత అక్కడ చూడడానికేమీ లేదని చెబుతారు. 1341లో పెరియార్ నదికి వచ్చిన వరదతో పాత ముజిరిస్ రేవు పూడుకుపోయి, ఇక్కడ సముద్రానికి కొత్త దారి తెరుచుకున్నందువల్లనే ఈ పట్నం రేవుగా ఎదిగింది. పోర్చుగీసువారు, 1663లో వారిని వెళ్లగొట్టిన డచ్చివారు, 1795లో డచ్చివారిని వెళ్లగొట్టిన ఇంగ్లీషువారు, అందరూ ఈ కొద్దిపాటి నేలమీదనే ఇళ్లు కట్టుకున్నారు. 1524లో కొచ్చిలోనే మరణించిన వాస్కోడగామాను సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో పూడ్చిపెట్టారు. అస్థికలను తర్వాత లిస్బన్‌కు తరలించినా సమాధిరాయి నేటికీ అక్కడే ఉన్నది. మట్టాంచేరి రాజభవనంలో పడకగది గోడల నిండా రామాయణ చిత్రాలున్నాయి. దశరథుని యజ్ఞం నుంచి మొదలయ్యే ఆ కథను మీ బాబు ఎవరి సాయమూ లేకుండా గుర్తుపట్టగలడు.

యూదుల వీధిలో 1568 నాటి ప్రార్థనామందిరం ఉన్నది. దాని నేలంతా చైనా నుంచి తెచ్చిన నీలి, తెలుపు పింగాణీ పలకలే. అన్నీ చేత్తో చిత్రించినవి కాబట్టి ఏ రెండూ ఒక్కతీరుగా ఉండవంటారు. మా చిన్నమ్మాయి చాలాసేపు వంగి వెతికి, ఒక జతను కూడా పట్టలేకపోయింది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపింది మాత్రం ఆ పక్కనే ఉన్న సుగంధద్రవ్యాల గోదాములు. మా మార్కెట్ యార్డులో మిర్చి టిక్కీ (బస్తా) విప్పినప్పుడు కొట్టే ఘాటు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. మిరియాల, శొంఠి బస్తాల మధ్య నిలబడినప్పుడు ఇంకో రకం ఘాటు ముక్కుకు తగిలింది. ఇంతమంది ఓడలెక్కి వచ్చింది దీనికోసమే కదా అనిపించింది. ఆ ఒక్క క్షణానికే నా ప్రయాణపు ఖర్చు తీరింది.

నర్సంపేట రైతుబిడ్డ:
వ్యాపారి గారు చెప్పినవన్నీ నిజమే గాని, ఆయన తన వృత్తి కళ్లతో చూసి చెప్పారు. నేను రైతుబిడ్డగా చెబుతాను. అలెప్పీని ఆనుకొని ఉన్న కుట్టనాడులో కొన్నిచోట్ల పొలాలు సముద్రమట్టానికి రెండు మీటర్ల దిగువన ఉంటాయి. గట్లు పోసి, నీళ్లు తోడిపోసి, అక్కడ వరి పండిస్తారు. మనం చెరువు నీళ్లు తూము గుండా కిందికి వదిలి పొలం పారిస్తాము. వారు పొలంలోని నీళ్లను పైకి ఎత్తి కాలువలో పోస్తారు. ఆ సేద్యాన్ని ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో గుర్తించింది. పాకాల ఆయకట్టు కింద వరి పండించే ఇంట పుట్టినవాడికి ఇంతకు మించిన దర్శనీయ స్థలం ఏముంటుంది? చర్చిలు, కోటలు ఇంకోసారైనా చూడవచ్చు.

ఎనుమాముల మిర్చి వ్యాపారి:
కుట్టనాడు విషయంలో మీ మాటను కాదనను. అయితే ఆ సేద్యం చూడడానికి ఏసీ గది ఉన్న హౌస్‌బోటు అవసరం లేదు. అలెప్పీ జెట్టీ నుంచి ప్రభుత్వ జలరవాణా శాఖ నడిపే మామూలు పడవలున్నాయి. ఊరివాళ్ల పక్కన కూర్చుని ఆ గట్లను ఇంకా దగ్గరగా చూడవచ్చు. కేవలం నీళ్ల మీద తిరగాలన్నదే కోరికైతే మనకు లక్నవరం చెరువు ఉన్నది. మనకు లేనిది రేవు. ఓరుగల్లు నేలిన గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డున పడిన ఓడల సరుకును కాజేసేవారనీ, తాను నిర్ణీత సుంకం తప్ప ఏమీ తీసుకోననీ అందులో విదేశీ వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ మోటుపల్లిలో ఇప్పుడు రేవు లేదు. రేవుపట్నం అంటే ఏమిటో ఓరుగల్లు పిల్లవాడు కళ్లారా చూడాలంటే కొచ్చి వంటి చోటికే వెళ్లాలి.

కాజీపేట విశ్రాంత రైల్వే ఉద్యోగి:
ఇద్దరూ పెద్దవారి మోకాళ్ల మాట మరిచారు. ఎండలో కోట వీధుల్లో రోజంతా నడిపించకండి. 2023లో మొదలైన వాటర్ మెట్రో బ్యాటరీ పడవలు హైకోర్టు జెట్టీ నుంచి ఫోర్ట్ కొచ్చికి వెళ్తాయి. పెద్దవారికి నీటి ప్రయాణం ఆ పూటలోనే తీరుతుంది. దిగిన తర్వాత చీనవలల దగ్గర, అంటే ఒడ్డున దూలాలకు కట్టిన పెద్ద చేపల వలల దగ్గర, ఒక గంట కూర్చోబెట్టండి. దూలానికి తాళ్లతో బరువైన రాళ్లు వేలాడుతుంటాయి. నలుగురైదుగురు కలిసి తాడు లాగుతుంటే ఆ రాళ్లు ఒక్కొక్కటే కిందికి దిగుతాయి, అంత పెద్ద వల నీళ్లు కారుస్తూ పైకి లేస్తుంది. నేను చూసిన పూట అందులో పడినవి గుప్పెడు చేపలే; అయినా వారు వెంటనే వలను మళ్లీ దించారు. ఇంకొక మాట: రాజభవనానికి శుక్రవారం సెలవు. యూదుల మందిరం శనివారం మూసి ఉంటుంది, శుక్రవారం మధ్యాహ్నం తర్వాత కూడా తెరవరు. ఆ రెండు రోజులే మీకు పడితే ఈ చర్చంతా వృథా.

హన్మకొండ ఉపాధ్యాయిని:
మాకు పడ్డవి సరిగ్గా శుక్ర, శనివారాలే. టికెట్లు మార్చి ఆది, సోమవారాలు కొచ్చికి ఉంచుతున్నాము. అయితే ఈ చర్చ చదివి వినిపించిన తర్వాత మామయ్య, పొలం కంటే కాలువ ఎంత ఎత్తులో ఉన్నదో గట్టు మీద నిలబడి చూడాలంటున్నారు. మంగళవారం ఒక్కరోజు సెలవు దొరికితే ఉదయమే ప్రభుత్వ పడవ ఎక్కిస్తాను.