మసాలా టీ మిశ్రమాన్ని పాలు లేకుండా రుచి చూసి తీర్పు చెప్పడం న్యాయమేనా?

తూకం (చర్చ ప్రారంభించినవారు)

మా మిత్రులం కొందరం కలిసి డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్ (ఏడాదిలో రెండో కోత ఆకు), అస్సాం ఆర్థడాక్స్ (గుళికలుగా మార్చకుండా మెలిపెట్టి చేసిన ఆకు), నీలగిరి ఆర్థడాక్స్, ఇళ్లలో రోజూ వాడే అస్సాం సీటీసీ గుళికలు, వీటితోపాటు దుకాణంలో పొట్లాలుగా దొరికే రెండు మసాలా టీ మిశ్రమాలు ఒకే పద్ధతిలో కాచి, వరుసగా పెట్టి రుచి చూశాము. ఆ పద్ధతి టీ వ్యాపారంలో అందరూ ఒప్పుకున్నదే. 1980లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ఓ 3103 ప్రమాణం చెప్పినట్లు 100 మిల్లీలీటర్ల మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు వేసి, మూతపెట్టి 6 నిమిషాలు ఉంచి వడకట్టాము. పాలు గాని చక్కెర గాని కలపలేదు.

మసాలా మిశ్రమాలు రెండూ అట్టడుగున నిలిచాయి. ఒకదానిలో లవంగం ఘాటు తప్ప మరేమీ తెలియలేదు. రెండోదానిలో యాలకుల వాసన ముక్కుకు బాగానే తగిలింది గాని, నోట్లోకి వచ్చేసరికి మొద్దుబారిన వగరు ఒక్కటే మిగిలింది. పాలలో కాచుకోవడానికి తయారైన సరుకును నీళ్లలో పరీక్షించి ఓడించడం అన్యాయమని మాలో ఒకరు గట్టిగా వాదించారు. నేను అంగీకరించలేదు. మిశ్రమంలో ఉన్నది మంచి ఆకే అయితే అది ఉత్త నీళ్లలోనూ నిలబడాలని, నిలబడలేకపోతే మసాలా ఆ లోపాన్ని కప్పిపుచ్చుతోందని నా అభిప్రాయం. మీరేమంటారు?

దమ్ చాయ్

తూకం గారూ, మీరు చెప్పిన ప్రమాణాన్నే పూర్తిగా చదివితే అందులో పాలు కలిపి రుచి చూసే విధానం కూడా కనిపిస్తుంది. పెద్ద పాత్రకు 5 మిల్లీలీటర్ల పాలు పోయమని అది చెబుతుంది. మన ఇళ్లలో సగానికి సగం పోసే పాలతో పోలిస్తే ఆ 5 మిల్లీలీటర్లు కంటికి ఆనవు, అది వేరే సంగతి. అంతకన్నా ముఖ్యంగా, టీ ఎలా తాగాలో చెప్పడం తన ఉద్దేశం కాదనీ, వేర్వేరు నమూనాలను ఒకే రీతిన పోల్చడానికి వీలు కల్పించడమే తన పని అనీ ఆ ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఈ ప్రమాణానికి మాతృకైన ఆరు పేజీల బ్రిటిష్ పత్రానికి 1999లో ఇగ్ నోబెల్ అనే హాస్య పురస్కారం ఇచ్చారు. దానిని వేదవాక్కుగా పట్టుకోవద్దని చెప్పడానికే ఈ మాట గుర్తు చేస్తున్నాను.

ఇక అసలు విషయం. యాలకులలోని సువాసన నూనె, దాల్చినచెక్కలోని సినమాల్డిహైడ్, మిరియాలకు ఘాటునిచ్చే పైపెరీన్, ఇవేవీ నీటిలో అంత సులువుగా కరగవు, కొవ్వులో చక్కగా కరుగుతాయి. పాల మీగడ లేని కప్పులో మసాలా తన గుణంలో సగమైనా చూపలేదు. మరోవైపు, పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ టీలో వగరునిచ్చే పాలీఫినాళ్లను పట్టుకుని నాలుకకు తగిలే వగరును తగ్గిస్తుంది. అందుకే పాలకోసం కూర్చే మిశ్రమంలో ఎవరైనా కావాలనే వగరు ఎక్కువగా ఉన్న పొడిని ఎన్నుకుంటారు. మీరు పాలు తీసివేసి, మసాలాకు గొంతు లేకుండా చేసి, ఆకుకు ఉండవలసిన వగరునే లోపంగా లెక్కకట్టారు.

కూనూరు వాసి

ఉద్యోగరీత్యా నీలగిరి తోటల మధ్య ఉంటున్న తెలుగువాడిని. ఇక్కడి వేలంపాటలకు వెళ్లే నమూనాలను రుచి చూసేవారి పని దగ్గరగా గమనించాను గనుక తూకం గారి పక్షాన మాట్లాడతాను.

రుచి చూసేవారు ఎండిన ఆకు, తడిసిన ఆకు, కషాయం అనే మూడింటినీ విడివిడిగా పరిశీలిస్తారు. చెంచాతో తీసుకున్న టీని చప్పుడు వచ్చేలా పీల్చి, నోరంతా చిమ్మి ఉమ్మేస్తారు. ఆకు టీగా మారేటప్పుడు ఏర్పడే పదార్థాలలో కషాయానికి వెలుగునిచ్చేది ప్రధానంగా థియాఫ్లావిన్, రంగును, చిక్కదనాన్ని ఇచ్చేది థియారుబిజిన్. ఆకు పాతబడితే, ఆరబెట్టడంలో తేడా వస్తే, తేమ తగిలితే ఈ మూడింటిలో ఎక్కడో ఒకచోట ఆ సంగతి బయటపడుతుంది. లవంగంలోని యూజినాల్ పక్కన ఉంటే వీటిలో ఒక్కటీ తెలియదు. అది నాలుకను కొంత మొద్దుబారుస్తుంది కూడా, పంటినొప్పికి లవంగనూనె వాడేది అందుకే. మసాలా కలిసిన తరువాత ఆకు నాణ్యతను గురించి ఎవరూ ఖచ్చితంగా మాట్లాడలేరు. ఆ వెసులుబాటును పొట్లం కట్టేవారు వాడుకోరని నమ్మమంటే నాకు కష్టమే.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1903 నాటి టీ సెస్ చట్టం తరువాత ఆ సుంకం డబ్బుతో ఈ దేశంలో టీ అలవాటును పెంచడానికి ప్రచారం సాగింది. ప్రచారకులు నేర్పింది ఆకు ధారాళంగా వేసి తయారుచేసే ఆంగ్ల పద్ధతి. వీధి దుకాణదారులు పాలు, చక్కెర, సుగంధ ద్రవ్యాలు పెంచి ఆకు తగ్గించారు, ప్రచారకులకు అది ఏ మాత్రం నచ్చలేదు. మసాలా టీ వ్యాప్తిలో ఆకు పొదుపు మొదటినుంచీ ఒక భాగమే.

యాలకుల సంచి

కూనూరు వాసి గారూ, ఆ పొదుపు వాదం ఆనాటి ధరలకు సరిపోయి ఉండవచ్చు. తమిళనాడులోని బోడినాయకనూరు వేలంలో ఈ రోజు పలుకుతున్న యాలకుల ధర ఎంతో, మామూలు సీటీసీ పొడి ధర ఎంతో పక్కపక్కన పెట్టి చూడండి. కిలో యాలకులకు పెట్టే డబ్బుతో ఎన్నో కిలోల టీ పొడి వస్తుంది. చవక ఆకును దాచడానికి అంతకంటే ఎన్నో రెట్లు ఖరీదైన సరుకును వాడే వ్యాపారి ఎవరుంటారు?

అయితే పొట్లాల విషయంలో మరో అనుమానం సబబే. అంత ధర పెట్టలేక, నలగ్గొట్టిన యాలకుల వాసన నిలవ ఉండదు గనుక, కొన్ని కంపెనీలు రుచికారకాలు కలుపుతాయి. పొట్లం వెనుక చిన్న అక్షరాలలో అది రాసి ఉంటుంది. ఆ వాసన ముక్కుకు ముందుగా తగిలి, మింగేసరికి మాయమవుతుంది. తూకం గారు వర్ణించిన రెండో మిశ్రమం ఆ కోవలోనిదేమో చూడండి.

లీడ్స్ నుంచి

ఇక్కడ కాఫీ హోటళ్లలో చాయ్ అని ఇచ్చేది చాలాచోట్ల పాకంతోనో పొడితోనో చేసినది, అందులో టీ కోసం వెతకడం దండగ. కాబట్టి నేను తూకం గారి వైపే.

వంటింటి లెక్క

అందరూ పాలు ఉండాలా వద్దా అన్న చోటే ఆగిపోయారు. నా దృష్టిలో తప్పు పాలలో లేదు, నీళ్లలో లేదు, ఆకును మసాలాను ఒకే పొట్లంలో కట్టడంలో ఉంది.

సీటీసీ విధానం 1930ల తొలినాళ్లలో అస్సాంలో పుట్టింది. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చించి, చుట్టి గుళికలుగా మారుస్తారు. కణాలు పూర్తిగా పగిలిపోవడం వల్ల రంగు, వగరు నిమిషాలలోనే దిగిపోతాయి. ఆర్థడాక్స్ ఆకును వాడబెట్టి మెలిపెట్టి నలుపుతారు గనుక అది అంతగా పగలదు, నిదానంగా దిగుతుంది. దాల్చినచెక్క, మిరియాలు, సొంఠి వంటివి వీటన్నిటికంటే ఆలస్యంగా, పది నిమిషాలో అంతకంటే ఎక్కువో సన్నని సెగపై మరిగితే గాని తమ గుణం వదలవు. యాలకులది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన స్వభావం. వాటి సువాసన ఆవిరితో పాటే పోతుంది గనుక చివరన దంచి వేసి, మూతపెట్టి దించాలి. అల్లానిది మరో పేచీ. పచ్చి అల్లంలో ప్రొటీన్‌ను విరిచే ఎంజైము ఉంటుంది గనుక దానిని ముందుగా నీళ్లలో బాగా మరిగించకుండా పాలలో వేస్తే పాలు విరిగే ప్రమాదముంది. ఈ సంగతి మన ఇళ్లలో ఎంజైము పేరు తెలియకుండానే అందరికీ తెలుసు.

ఇన్ని వేర్వేరు సమయాలు కోరే వస్తువులను ఒకే చెంచాతో తీసి ఒకేసారి వేస్తే, 6 నిమిషాలు ఉంచినా ఇరవై నిమిషాలు ఉంచినా ఎవరో ఒకరికి అన్యాయం జరిగి తీరుతుంది. తక్కువసేపు ఉంచితే దాల్చినచెక్క పలకదు, ఎక్కువసేపు ఉంచితే ఆకు చేదెక్కుతుంది. కాబట్టి తూకం గారి పరీక్షలో ఓడింది మసాలా టీ అనే పానీయం అనుకోనక్కరలేదు, ముందుగా కలిపి అమ్మే పద్ధతి ఓడింది. మసాలా నీళ్లు విడిగా కాచి, అందులో ఎంచుకున్న ఆకు వేసి, ఆ తరువాత పాలు పోసిన కప్పును వరుసలో పెట్టి ఉంటే ఫలితం గురించి మాట్లాడుకోవచ్చు.

ఇంకో మాట: బోరు నీళ్లలో సున్నపు అంశం ఎక్కువైతే కప్పుపై పలుచని తెట్టు కడుతుంది, ఆకు వెలుగు మసకబారుతుంది. ఏ నీళ్లు వాడారో తూకం గారు చెప్పలేదు.

తూకం

నీళ్లు శుద్ధియంత్రం నుంచి పట్టినవే, అన్ని కప్పులకూ ఒకటే.

వంటింటి లెక్క గారి వాదనలో బలం ఉంది గాని, నా ప్రశ్నను అది పక్కకు జరిపింది. దుకాణంలో డబ్బు పెట్టి కొనేది పొట్లాన్నే. పొట్లం మీద అస్సాం ఎంపిక ఆకులనీ, మేలురకం తేయాకనీ రాస్తారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి కొనుగోలుదారుకు ఉత్త నీళ్లు తప్ప మరో సాధనం ఏముంది?

దమ్ చాయ్

హైదరాబాదు ఇరానీ చాయ్ ఒక సాధనం. అందులో మామూలుగా మసాలా ఉండదు. డికాక్షన్‌ను మూతబిగించి దమ్ మీద ఉంచుతారు, పాలను విడిగా చిక్కబడేదాకా కాస్తారు, కప్పులో రెండూ కలుస్తాయి. మసాలా లేని చిక్కటి పాలలో ఏ ఆకు నిలుస్తుందో, ఏది మునిగిపోతుందో ఆ పద్ధతిలో స్పష్టంగా తెలుస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ ఎంత ఖరీదైనదైనా అందులో ఆనవాలు లేకుండా పోతుంది, సాధారణమైన అస్సాం డస్ట్ (సన్నని టీ పొడి) నిక్కచ్చిగా నిలబడుతుంది. నీళ్లలో మొదటి స్థానం పొందిన ఆకు పాలలో చివరి స్థానానికి దిగుతుందంటే, నీళ్లలో ఇచ్చిన మార్కులకు పాల టీ విషయంలో విలువ ఏమిటి?

కూనూరు వాసి

ఆ లెక్కన మంచి ఆకును పాలలోకి తేకూడదన్నదే మీ వాదన సారాంశం, అందులో నాకు అభ్యంతరం లేదు. డార్జిలింగ్ సెకండ్ ఫ్లష్‌కు పేరు తెచ్చిన ద్రాక్ష పరిమళానికి పచ్చదోమ కాటు ఒక కారణం. పత్తి రైతును ఏడిపించే పచ్చదోమ కుటుంబానికి చెందిన పురుగే అక్కడ తేయాకు రసం పీలిస్తే, మొక్క తనను కాపాడుకోవడానికి తయారుచేసుకున్న సువాసనలకు విదేశాల కొనుగోలుదారులు వేలు పోస్తారు. అంత సున్నితమైన దానిపై లవంగం, మీగడ పోయడం దండగే. 2021లో బంజారాహిల్స్‌లోని నీలోఫర్ కేఫ్ కప్పు 1000 రూపాయలకు అమ్మిన అస్సాం గోల్డెన్ టిప్స్ (బంగారు రంగు లేత మొగ్గల) టీని పాలు లేకుండానే ఇచ్చింది. ఇరానీ చాయ్‌కి పేరుపడిన దుకాణమే అలా చేసిందంటే ఆలోచించండి.

కాని తూకం గారి మాట అక్కడే ఉండిపోయింది. పొట్లంలోనిది మంచి ఆకని చెప్పి అమ్ముతున్నారు. పాలలో ఆ మంచితనం తెలియదని మీరే అంటున్నారు. అలాంటప్పుడు దానికి అదనపు ధర ఎందుకు చెల్లించాలి?

వంటింటి లెక్క

తెలుస్తుందో తెలియదో మాటలతో తేలదు. ఆహార పదార్థాల పరీక్షల్లో మూడు కప్పుల పద్ధతి ఒకటి ఉంది. ఒకే మసాలా నీళ్లు, ఒకే పాలు, ఒకే చక్కెర వాడి, రెండు కప్పులలో మామూలు సీటీసీ, ఒకదానిలో ఖరీదైన అస్సాం సీటీసీ వేయండి. గుళికల సైజు, రంగు కూడా దగ్గరగా ఉన్నవే ఎంచుకోండి, లేకపోతే కళ్లే జవాబు చెప్పేస్తాయి. ఏ కప్పులో ఏముందో కాచినవారికి తప్ప ఎవరికీ తెలియకూడదు. భిన్నంగా ఉన్న కప్పును గుర్తించమనండి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు సరైన జవాబులు వస్తాయి గనుక, అంతకంటే స్పష్టంగా ఎక్కువ వస్తేనే ఆకు తేడా మసాలాను దాటి నాలుకకు చేరినట్లు.

మా ఇంట్లో దీన్ని ప్రయత్నించాము. దాల్చినచెక్క, లవంగం కలిసిన కప్పులలో దాదాపు ఎవరూ పట్టుకోలేకపోయారు. అల్లం ఒక్కటే వేసిన కప్పులలో మాత్రం ఎక్కువమంది పట్టుకున్నారు. మసాలా అంతటినీ ఒకే గాటన కట్టకూడదని దీనివల్ల నాకు అనిపించింది. అల్లం టీకి మంచి పొడి కొనడంలో అర్థముంది, లవంగం వేసిన దానికి లేదు.

దమ్ చాయ్

తేడా పట్టుకోవడం ఒకటి, ఇష్టపడడం మరొకటి. భిన్నమైన కప్పును గుర్తించినవారిలో ఎందరు ఖరీదైన పొడినే మెచ్చుకున్నారో మీరు చెప్పలేదు.

వంటింటి లెక్క

అడిగాను. పెద్దవాళ్లు మామూలు పొడినే మెచ్చుకున్నారు, అందులో వగరు గట్టిగా ఉందట.

తూకం

అలాగైతే ఈసారి మూడు కప్పుల పద్ధతిలోనే, అల్లం టీతోనూ లవంగం టీతోనూ విడివిడిగా చేస్తాము. పొట్లాల మిశ్రమాలను మాత్రం నీళ్లలో కాచే చూస్తాను, ఆ విషయంలో నా పట్టు సడలలేదు. పాలు ఏవి వాడాలో దమ్ చాయ్ గారు చెబితే ఆ ప్రకారమే తెస్తాను.

దమ్ చాయ్

గేదె పాలు, వెన్న తీయనివి. చిక్కబడేదాకా విడిగా కాచి తీసుకురండి.