సమస్య: గుండు సున్న చచ్చె కోణ మడిగి

నిర్వాహకుడు: నిన్న రాత్రి ఆకారాల కామిక్ ఒకటి చూశానండీ, అందులో వృత్తం "నాకూ ఒక్క మూల ఉంటే బావుణ్ణు" అని ఏడుస్తుంటే చతురస్రం ఏం మాట్లాడకుండా కత్తి అందిస్తుంది, ఆఖరి గడిలో తెగిన ముక్క మాత్రం నవ్వుతూ పడుంటుంది. నవ్వాలో జాలిపడాలో తెలీక ఈ పాదం రాసిపడేశా. దీన్ని ఆఖరి పాదంగా పెట్టి పద్యం పూరించండి, ఇక మీదే ఆలస్యం.

పాదచారి:
చదర మొకటి పలికె జగమున నిలువంగ
మూల లేక యున్న మోక్ష మేది
కత్తి తెచ్చి యొక్క గాటు పెట్టగ నోర్చి
గుండు సున్న చచ్చె కోణ మడిగి

గురులఘువు: ధార బావుంది. కానీ ఒక్క గాటు అంటే జ్యా గీసినట్టే కదా, రెండు మూలలొస్తాయి. అడిగినదానికి డబుల్ దొరికితే చావడమెందుకు?

పాదచారి: ముక్క తెగాక అది వృత్తమే కాదుగా మహాప్రభో, చావంటే అదే. కామిక్‌లో జోకూ అదే.

ప్రాసమ్మ: క్రమాలంకారంలో నాది, మూడు పాదాల ప్రశ్నలకీ ఆఖరి పాదంలో వరసగా జవాబులు.
తప్పు లెక్క కేమి దక్కునో కాలికి
చిక్కి చీమ యేమి చేసె తుదకు
గీత గీత నెట్లు కెలికెనో మొదటగా
గుండు సున్న చచ్చె కోణ మడిగి

నిర్వాహకుడు: గీత వెళ్ళి గీతని కోణం అడగడం! రెండూ కలిస్తేనే కదా అది పుట్టేది. భలే.

గురులఘువు: మూడో పాదం ఒప్పుకుంటా. కానీ అక్కా, కిందటి పూరణలోనూ చీమనే చంపారు, మీ పద్యాల్లో చీమలకి రక్షణ లేదు. నాది:
చదర మవుద మనుచు సాన పట్టించిన
పైకి మూల మేది పామరుండ
అనెడి మాట వినక పంతాన పోయిన
గుండు సున్న చచ్చె కోణ మడిగి
పై అంటే మన 3.14 పై. అది పూర్ణాంక గుణకాలున్న ఏ బహుపది సమీకరణానికీ మూలం కాదని 1882లో లిండెమన్ తేల్చేశాడు, అందుకే స్కేలు, కంపాస్‌తో వృత్తాన్ని అంతే వైశాల్యమున్న చతురస్రంగా మార్చలేం. మూల, మూలం, శ్లేష గమనించగలరు.

ప్రాసమ్మ: శ్లేషకి దండం తమ్ముడూ. కానీ మూడో పాదంలో "అ"కీ "పం"కీ ఏం చుట్టరికం? యతి గంగలో కలిసింది. "హఠము పట్టి తుదకు" అంటే పోయేది. పైగా లిండెమన్ పై మూలం కాదన్నాడు గానీ, పైకి మూలం లేదనలేదు.

గురులఘువు: సరే, సవరించా. చీమ సంగతి మాత్రం దాటేశారు.

ప్రాసమ్మ: కిందటిసారి చచ్చింది దోమ.