‘ఒదిగె’నా, ‘ఒరిగె’నా? పావ్లోవా ఫొటో కింద ఒక తేటగీతి పాదం

వరంగల్ చెల్లి: మా పెదనాన్న పాత నోటుబుక్కులో రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా ఫొటో అంటించి ఉంది. కింద పెన్సిల్‌తో:

అలల పయి రెక్క ముడుచుచు నంచ యొ–గె

గీత ఉన్నచోట అక్షరం చెరిగిపోయింది. చిన్నప్పుడు ఆయన నోట విన్నాను కానీ ‘ఒదిగె’ అన్నారో ‘ఒరిగె’ అన్నారో గుర్తు రావట్లేదు. మిగతా మూడు పాదాలు ఎవరికైనా వచ్చా?

తెనాలి మాస్టారు: అ–(న్)అం యతి చక్కగా పడింది. రెండు మాటలూ న గణమే (మూడూ లఘువులే) కాబట్టి ఛందస్సు తేల్చదమ్మా. నా ఓటు ‘ఒరిగె’కే. రష్యన్ నృత్యదర్శకుడు ఫోకిన్ ఆమె కోసం కూర్చిన ఆ నాట్యం పేరే ‘మరణిస్తున్న హంస’ కదా.

బెజవాడ అక్క: మాస్టారూ, ఒరిగేది చెట్టు, ఏనుగు, యుద్ధంలో వీరుడు. బరువున్నదే ఒరుగుతుంది. ఆమె మూకీ ఫిల్మ్ చివర చూడండి. మునివేళ్ళ మీది చిన్న చిన్న అడుగులు ఆగి, నేల మీదికి దిగి, ఒక కాలు ముందుకు చాపి, దాని మీదికే చేతులూ తలా వాల్చేస్తుంది. చప్పుడు ఉండదు. అది ఒదగడం.

ఖమ్మం తమ్ముడు: ‘ముడుచుచు’ కూడా అదే చెబుతోంది. రెక్క ముడిచిన పిట్ట ఒదుగుతుంది.

హ్యూస్టన్ అన్న: అసలు ‘అంచ’, అంటే హంస, సరైనదేనా? ఆ నాట్యం రష్యన్ పేరులో ఉన్నది ‘లేబెద్’, అంటే ఇంగ్లీషు ‘స్వాన్’. మన ‘హంస’కు భాషాపరంగా చుట్టం అక్కడి ‘గుస్’, అంటే పెద్దబాతు.

తెనాలి మాస్టారు: మాట పుట్టుక వేరు, కావ్యంలో హంస వేరు నాయనా. ‘శృంగార నైషధం’లో శ్రీనాథుడి హంసను తలుచుకోండి. నలుడి చేతికి చిక్కి, ముసలి తల్లినీ బాలింత భార్యనీ తలుచుకుని ఏడుస్తుంది. ఆ ఘట్టం పాఠం చెప్పిన ప్రతిసారీ నా గొంతు పట్టేసేది. తెలుగువాడు చావు ముందు హంసను పెట్టాడంటే శ్రీనాథుణ్ణి మరిచి రాయడు.

బెజవాడ అక్క: నలుడు దాన్ని వదిలేశాడుగా మాస్టారూ! ఆ హంస ఒరగనే లేదు.

హ్యూస్టన్ అన్న: తేదీ ఉందా చెల్లీ? పావ్లోవా 1931 జనవరి 23న ది హేగ్‌లో పోయింది, యాభై నిండకుండానే. ఆ వార్త చూసి రాసి ఉంటే ‘ఒరిగె’ నాట్యం గురించి కాదు, ఆమె గురించే.

వరంగల్ చెల్లి: తేదీ లేదన్నా. ఎదుటి పేజీలో భరతనాట్య నర్తకి రుక్మిణీదేవి ఫొటో ఉంది.

ఖమ్మం తమ్ముడు: అయితే ఖాయంగా ‘ఒదిగె’! రుక్మిణీదేవిని మన నాట్యం వైపు తిప్పింది పావ్లోవానే కదా. 1936లో మద్రాసులో ఆమె నాట్య విద్యాలయం కళాక్షేత్రం వచ్చింది. ఆ హంస వచ్చి ఇక్కడ ఒదిగింది.

తెనాలి మాస్టారు: ఊహ బాగుంది తమ్ముడూ, కానీ పాదంలో అలలున్నాయి, మద్రాసు లేదు. చెల్లీ, కాగితం మీద పెన్సిల్ ఒత్తిడి మిగిలి ఉంటుంది, చూడమ్మా.

వరంగల్ చెల్లి: ఇప్పుడే టార్చి పక్కనుంచి వేసి చూశాను మాస్టారూ. పైన గుడి స్పష్టంగా ఉంది. దాని కింద కాగితమే అరిగిపోయింది.