56 ఏపీఓకి (ఆర్మీ పోస్టాఫీసుకి) సంక్రాంతి పార్శిల్: అరిసెలు, సున్నుండలు చెడకుండా ఎలా?

అమలాపురం నుంచి లడఖ్‌లో ఉన్న జవానుకి పిండివంటలు పంపాలండి. అడ్రసు తెలుసు: సర్వీస్ నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కేరాఫ్ 56 ఏపీఓ, 9తో మొదలయ్యే పిన్‌కోడ్. ఊరి పేరు రాయకూడదు.

సందేహమంతా సరుకు గురించే. అరిసెలు తడిపిండివి, కిలో పిండికి ముప్పావు కిలో బెల్లం. చెక్కలతో నూనె గట్టిగా నొక్కేసి, రాత్రంతా గుడ్డ మీద ఆరనిచ్చాకే సర్దుతాం. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై బూజు పడుతుంది కదా. పాకం లేతదైతే నిలవుండవు, ముదిరితే రాళ్ళే. మూడు వారాలు ఆగాలంటే ఏ పాకం దగ్గర దించాలి?

సున్నుండలకి ఇంకో చిక్కు. ఆ చలికి నెయ్యి పేరుకుని బిగుసుకుపోతాయి, నెయ్యి తగ్గిస్తే దారిలోనే పొడిపొడి అయిపోతాయి. బెల్లంతో చేస్తే నయమా, పంచదారతోనా?

పూతరేకుల మాట ఎత్తకండి. ఆత్రేయపురం నుంచి రావులపాలెం వచ్చేసరికే అంచులు రాలతాయి.

స్టీలు డబ్బా మేలా, ప్లాస్టిక్కా? పైన గుడ్డ కుట్టాలా? లడఖ్ దారిలోని జోజిలా కనుమ మంచుకి మూసుకుపోయే రోజులు కాబట్టి, భోగికి అందాలంటే డిసెంబరులో ఎప్పటికల్లా పోస్టు చెయ్యాలి? పంపి చూసినవాళ్ళు చెప్పండి.