పాత ల్యాప్‌టాప్ కోసం జెంటూ ప్యాకేజీలను వేరే యంత్రంలో కంపైల్ చేయడం ఎలా?

ప్రశ్న:
నమస్కారం. 2 జీబీ ర్యామ్ గల పాత 64 బిట్ ల్యాప్‌టాప్‌లో జెంటూ లినక్స్ (ప్రోగ్రాములను సాధారణంగా సోర్స్ కోడ్ నుంచి మన యంత్రంలోనే కంపైల్ చేసుకొనే లినక్స్ రకం) వాడుతున్నాను. నిన్న రాత్రి ఫైర్‌ఫాక్స్ కంపైలేషన్ మొదలుపెట్టి పడుకుంటే, తెల్లవారేసరికి సగం కూడా కాలేదు. యంత్రం అడుగుభాగం మాత్రం పెనంలా కాలుతోంది. ఇంట్లో 8 కోర్ల డెస్క్‌టాప్ ఉంది. డిస్ట్‌సీసీతో (కంపైలేషన్‌ను ఇతర యంత్రాలకు పంచే సాధనం) పనిని దానికి పంచితే సరిపోతుందా?

జవాబు 1:
ఆశించినంత లాభం ఉండదండి. డిస్ట్‌సీసీ సీ, సీ ప్లస్‌ప్లస్ ఫైళ్ల కంపైలేషన్‌ను మాత్రమే పక్క యంత్రానికి పంపుతుంది. ర్యామ్‌ను మింగేసే లింకింగ్ (కంపైలైన ముక్కలను ఒకే ప్రోగ్రాముగా కలపడం) మీ ల్యాప్‌టాప్‌లోనే జరుగుతుంది, ఇక ఫైర్‌ఫాక్స్‌లో రస్ట్ భాషలో రాసిన కోడ్ జోలికి అది వెళ్లనే వెళ్లదు. దానికన్నా డెస్క్‌టాప్‌లో ఒక క్రూట్ (వేరే ఫోల్డర్‌లో నడిచే విడి లినక్స్ వాతావరణం) ఏర్పాటు చేసుకొని, ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రొఫైల్‌నూ (జెంటూ మూల అమరికలు) యూజ్ ఫ్లాగులనూ (ప్యాకేజీల్లో ఏ సౌకర్యాలు ఉండాలో చెప్పే అమరికలు) అక్కడ యథాతథంగా పెట్టి, బైనరీ (ముందే కంపైలైన) ప్యాకేజీలను పూర్తిగా అక్కడే తయారుచేసి, ఆ ఫోల్డర్‌ను వెబ్ సర్వర్ ద్వారా ల్యాప్‌టాప్‌కు అందించడం మేలు.

జవాబు 2:
పై సలహా సరైనదే, కానీ ఆ క్రూట్‌లో మార్చ్ (ఏ ప్రాసెసర్ కోసం కంపైల్ చేయాలో చెప్పే అమరిక) విలువను ‘నేటివ్’గా, అంటే కంపైల్ చేసే యంత్రం ప్రాసెసర్‌కే సరిపోయేలా, వదిలేయకండి. నేను అలాగే వదిలేస్తే, పాత ప్రాసెసర్‌కు తెలియని ఏవీఎక్స్2 ఆదేశాలు ప్యాకేజీల్లో చేరి, చివరికి బ్యాష్ (ఆదేశాలు టైప్ చేసే షెల్) కూడా ‘ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్’ అంటూ మొరాయించింది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ పేరునే స్పష్టంగా రాయండి.

జవాబు 3:
అసలు అంత శ్రమ అవసరమా అని నా సందేహం. 2023 డిసెంబరు చివరి నుంచి ఏఎండీ64 (ఇంటెల్, ఏఎండీల 64 బిట్ ప్రాసెసర్లు), ఆర్మ్64 యంత్రాలకు జెంటూ ప్రాజెక్టే పెద్ద సంఖ్యలో బైనరీ ప్యాకేజీలను అందిస్తోంది. ఎమర్జ్‌కు (జెంటూలో ప్యాకేజీలను స్థాపించే ఆదేశం) ‘గెట్‌బిన్‌పీకేజీ’ ఐచ్ఛికం జోడిస్తే, మీ యూజ్ ఫ్లాగులకు సరిపోయినవి నేరుగా దిగుతాయి. సరిపోనివాటికే డెస్క్‌టాప్‌ను వాడుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ముందు మూడో జవాబులోని పద్ధతిని ప్రయత్నిస్తాను.