కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్‌కు మారాలా, ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలా?

శేషాద్రి గాలి (తిరుపతి):

అందరికీ నమస్కారం. నేను 2007 నుంచి మా ఇంట్లో ఎఫ్‌ఎస్‌ఎక్స్ (ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్, కంప్యూటర్ తెర మీద విమానం నడిపే ప్రోగ్రాం) నడుపుతున్నాను. మైక్రోసాఫ్ట్ 2006 అక్టోబరులో విడుదల చేసిన ఆ సిమ్యులేటర్ డీవీడీ పెట్టె ఇప్పటికీ మా బీరువాలో, పెళ్ళి ఆల్బమ్ పక్కన భద్రంగా ఉంది. ఇప్పుడు కంప్యూటర్ మార్చక తప్పడం లేదు. నా పాత యంత్రానికి విండోస్ 11 ఎక్కదు, విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయింది. యంత్రంతో పాటు సిమ్యులేటర్‌ను కూడా మార్చాలా, మారిస్తే దేనికి మారాలి అన్నదే నా ప్రశ్న.

నా అభిప్రాయం ముందే చెబుతాను, కాదనేవారు కారణాలతో కాదనండి. ప్రపంచమంతా మన డిస్కులో ఉండే సిమ్యులేటర్‌నే కొనాలి. ప్రపంచాన్ని ఎక్కడో సర్వర్లలో ఉంచి, మనం ఎగురుతున్నకొద్దీ ముక్కలు ముక్కలుగా పంపించే సిమ్యులేటర్ మన ఊళ్ళకు నప్పదు.

నేనిలా అనడానికి ఒక సాయంత్రం కారణమయింది. కె.టి. రోడ్డులో ఉండే మిత్రుడి ఇంట్లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 చూడడానికి వెళ్ళాను. సెస్నా 172 అనే చిన్న విమానంలో పడమటి నుంచి రేణిగుంట 08 రన్‌వే మీదికి దిగుతున్నాను. ఎడమ కిటికీలోంచి శేషాచలం కొండలు, వాటి మీద ఘాట్ రోడ్డు గీతలు ఎంత స్పష్టంగా కనిపించాయంటే, ఒక్క క్షణం నేను ఎత్తు చూసుకోవడం మరిచిపోయాను. అంతలో కరెంటు పోయింది. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంది కాబట్టి అది ఆగలేదు, కానీ రౌటర్ ఆరిపోయింది. అప్పటిదాకా రాళ్ళు, చెట్లు విడివిడిగా కనిపించిన కొండ, ఆ తరువాత వచ్చిన మలుపులో ఎండకు పెట్టిన మైనంలా మెత్తబడిపోయింది. రన్‌వే అయితే ఉంది, దిగాను కూడా. కానీ ఇంటి బయటి తీగ మీద ఆధారపడిన కొండ నాకెందుకు అనిపించింది.

సోల్డరింగ్ ఐరన్ (చిత్తూరు):

శేషాద్రి గారూ, నేను చిత్తూరులో కంప్యూటర్లు బాగుచేసే పనిలో ఉన్నాను. మీ కథ చక్కగా ఉంది గానీ, అది సిమ్యులేటర్ మీద ఫిర్యాదు కాదు, రౌటర్ మీద ఫిర్యాదు. రౌటర్‌కు కలిపే చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టెలు అరచేతిలో పట్టేంత ఉంటాయి, కరెంటు పోయినా రెండు మూడు గంటలు నెట్ నిలబడుతుంది. అవతల నెట్ ఇచ్చేవారి ఫైబర్ పెట్టెకు కూడా కరెంటు ఉండాలన్నది నిజమే, అయినా మీ వాదనలో సగం ఆ చిన్న పెట్టెతోనే తీరిపోతుంది.

అసలు మీరు అడగవలసిన ప్రశ్న డబ్బు ఏ వరుసలో ఖర్చు పెట్టాలన్నది. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ముందు గ్రాఫిక్స్ కార్డు కొని, తరువాత "ఫ్రేములు (తెర మీద సెకనుకు వచ్చే బొమ్మలు) పెరగలేదే" అని వస్తారు. ఎఫ్‌ఎస్‌ఎక్స్ పని భారంలో ఎక్కువ భాగం ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ మీదే పడుతుంది కాబట్టి, దానికి ఎంత పెద్ద కార్డు పెట్టినా ఎద్దుల బండికి విమానం టైర్లు వేసినట్టే. కొత్త సిమ్యులేటర్లు పనిని కొంత పంచుతాయి గానీ, వాటికీ ప్రాసెసర్ కాష్ (దాని లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) ముఖ్యమే. 2022లో వచ్చిన రైజెన్ 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌లో ఎల్3 కాష్ 96 ఎంబీ ఉండడం వల్లే సిమ్యులేటర్లు నడిపేవారు దాని వెంట పడ్డారు. పాత ఏఎం4 రకం మదర్‌బోర్డు ఉన్నవారికి, బయాస్ (బోర్డులోని మూల ప్రోగ్రాం) నవీకరించుకుంటే బోర్డు మార్చకుండానే అది సరిపోయింది. మైక్రోసాఫ్ట్ 2024 వెర్షన్‌కు కనీసం 16 జీబీ ర్యామ్ అని రాసి ఉంది, సూచించినది మాత్రం 32 జీబీ. నేనైతే 32 కంటే తక్కువతో ఎవరికీ కట్టి ఇవ్వను.

ఇంకొకటి. మే నెలలో మన గదుల్లో ఏసీ లేకుండా గ్రాఫిక్స్ కార్డును పూర్తి వేగంతో నడపకండి. ఫ్రేములను 30కి కట్టేయండి. వేడి తగ్గుతుంది, శబ్దం తగ్గుతుంది, విమానం నడపడానికి 30 చాలు.

నీవా ఒడ్డు (చిత్తూరు):

శేషాద్రి గారి సూత్రంతో ఏకీభవిస్తాను, కానీ ఆ సూత్రం ఆయనను ఎఫ్‌ఎస్‌ఎక్స్ దగ్గర ఆపకూడదు. ఎఫ్‌ఎస్‌ఎక్స్ 32 బిట్ల ప్రోగ్రాం. ఎంత ర్యామ్ వేసినా అది 4 జీబీ దాటి వాడుకోలేదు. పెద్ద విమానం, వివరమైన విమానాశ్రయం, దట్టమైన మేఘాలు మూడూ కలిసినప్పుడు ఆ హద్దు తగిలి ప్రోగ్రాం మూసుకుపోతుంది. అది కూడా మూడు గంటలు ఎగిరాక, సరిగ్గా దిగేముందు. దానిని చేసిన ఏసెస్ స్టూడియోను 2009 జనవరిలోనే మూసేశారు కాబట్టి ఇక సరిచేసేవారు లేరు. లాక్‌హీడ్ మార్టిన్ ఆ కోడ్‌ను తీసుకుని ప్రిపేర్3డీగా పెంచి, 2017లో 64 బిట్లకు మార్చింది. అయితే దాని లైసెన్సు శిక్షణకు, చదువుకు ఉద్దేశించినది, వినోదానికి కాదు. ఇంట్లో సరదాగా ఎగిరేవాడు దానిని కొనడం నా దృష్టిలో సబబు కాదు.

నేను ఎక్స్‌-ప్లేన్ 12 వాడుతున్నాను. లామినార్ రీసెర్చ్ వారిది, పూర్తి వెర్షన్ 2022 డిసెంబరులో వచ్చింది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. నేను లినక్స్ మీదే నడుపుతున్నాను కాబట్టి విండోస్ 10 గడువు నాకు పట్టలేదు. దృశ్యాలన్నీ ఒకసారి దించుకుంటే డిస్కులోనే ఉంటాయి. నిజ వాతావరణం కావాలంటే మాత్రం నెట్ ఉండాలి.

ఇంతకంటే ముఖ్యం అది విమానాన్ని ఎలా ఎగరేస్తుందన్నది. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో ఒక విమానం ఎలా ప్రవర్తించాలో ముందే పట్టికల్లో, గుణకాల్లో రాసిపెడతారు. ఎక్స్‌-ప్లేన్ రెక్కను, తోకను, ప్రొపెల్లర్‌ను చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్క మీద గాలి ఎంత బలం వేస్తోందో సెకనుకు ఎన్నోసార్లు లెక్కగట్టి కలుపుతుంది. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పక్కగాలిలో ఒక రెక్క దించి, ఎదురు రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక చుక్కాని) పెడల్ తొక్కి దిగేటప్పుడు. నా చేతికి పట్టిక తగలదు, గాలి తగులుతుంది.

రెండో సీటు (రేణిగుంట):

నేను కమర్షియల్ పైలట్ లైసెన్సు శిక్షణలో సగంలో ఉండి, సెలవులకు ఇంటికి వచ్చాను. పెద్దలు చెప్పినవన్నీ చదివాను. ఒక విషయంలో మాత్రం గట్టిగా విభేదిస్తాను. "బొమ్మలు బాగుంటే చాలదు" అని అందరూ చాలా తేలిగ్గా అనేస్తారు. కళ్ళతో నేలను చూసి దారి పట్టే విమానయానంలో ఆ బొమ్మే పరికరం. ఏటి వంపు, రైలు పట్టాలు కలిసే చోటు, చెరువు కట్ట, వీటిని మ్యాపుతో పోల్చుకోవడమే పాఠం. నా మొదటి ఒంటరి క్రాస్‌కంట్రీకి (ఒక చోటి నుంచి దూరంగా మరో చోటికి ఎగిరే ప్రయాణానికి) ముందు ఆ దారిని ఇంట్లో మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లో నాలుగుసార్లు ఎగిరాను, అసలు రోజున మూడు చెరువులను వాటి ఆకారం బట్టే గుర్తుపట్టాను. పాత సిమ్యులేటర్‌లో ఆ చెరువుల్లో రెండు అసలు లేవు.

అలాగని అందులో కనిపించేదంతా నమ్మమని చెప్పను. ఉపగ్రహ చిత్రాల నుంచి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (జనమే గీసి నింపే ఉచిత మ్యాపు) సమాచారం నుంచి భవనాలను యంత్రమే కట్టుకుంటూ పోతుంది. మైక్రోసాఫ్ట్ 2020 వెర్షన్ వచ్చిన కొత్తలో మెల్‌బోర్న్ శివార్లలోని ఇళ్ళ మధ్య 212 అంతస్తుల సూది మొలిచింది. ఎవరో మ్యాపులో 2 అని రాయబోయి 212 అని రాశారు, అంతే. లండన్‌లో రాజభవనం ఆఫీసు బిల్డింగులా తయారయింది. కాబట్టి నేను నీటిని, రోడ్లను, కొండలను నమ్ముతాను. భవనాల ఎత్తును నమ్మను.

ఒక హెచ్చరిక కూడా. ఇంట్లో ఎన్ని గంటలు ఎగిరినా డీజీసీఏ (పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ) లెక్కలోకి తీసుకునే లాగ్‌బుక్‌లోకి ఒక్క నిమిషం రాదు. పైగా చెడ్డ అలవాటు అంటుకుంటుంది. నేను తెర మీద మీటర్లనే చూస్తూ పెరిగాను కాబట్టి, మొదటి పది గంటలు మా ఇన్‌స్ట్రక్టర్ మీటర్ల మీద కాగితం అడ్డం పెట్టి "బయట చూడు" అని చెప్పవలసి వచ్చింది.

అలిపిరి మెట్టు (తిరుపతి):

ఎవరూ ఫ్లైట్‌గేర్ పేరెత్తలేదేమిటి? 1990ల నుంచీ స్వచ్ఛందంగా చేస్తున్నారు, ఉచితం, సోర్సు కూడా మన చేతిలోనే ఉంటుంది. విద్యార్థి అయితే ముందు దానితో మొదలుపెట్టి, తరువాత డబ్బు సంగతి ఆలోచించవచ్చు.

సోల్డరింగ్ ఐరన్ (చిత్తూరు):

మంచి మాటే. అలాగే సిమ్యులేటర్‌ను తిట్టే ముందు జాయ్‌స్టిక్‌ను ఒకసారి చూసుకోండి. చవక జాయ్‌స్టిక్కుల్లో పొటెన్షియోమీటర్ (కర్ర కదలికను రాపిడితో కొలిచే భాగం) అరిగిపోతే, చేయి కదపకపోయినా విమానం ముక్కు వణుకుతుంది. "కొత్త వెర్షన్‌లో ఫ్లైట్ మోడల్ చెడిపోయింది" అని నా దగ్గరికి తెచ్చిన ఒక యంత్రంలో తప్పంతా ఆ అరుగుదలదే. థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం లాంటి వాటిలో కర్రకు అయస్కాంత సెన్సార్ ఉంటుంది, రాపిడి లేదు కాబట్టి అరుగుదల లేదు. బడ్జెట్‌లో ఈ ఖర్చును చివరన కాకుండా మొదట రాసుకోండి.

శేషాద్రి గాలి (తిరుపతి):

రౌటర్ యూపీఎస్ మాట ఒప్పుకుంటున్నాను, కొన్నాను కూడా. అయినా నా వాదన అక్కడితో తీరదు. నా కరెంటును నేను కాపాడుకోగలను, అవతలి సర్వర్‌ను కాపాడలేను. 2024 నవంబరు 19న మైక్రోసాఫ్ట్ 2024 వెర్షన్ విడుదలైన రోజు ప్రపంచమంతటా వేలమంది లోడింగ్ గీత 97 శాతం దగ్గర నిలిచిపోయి కూర్చున్నారు. 2,00,000 మంది కృత్రిమ వినియోగదారులతో పరీక్షించినా అసలు రద్దీకి సర్వర్లలోని డేటా కాష్ తట్టుకోలేకపోయిందని తయారీదారులే చెప్పారు. ఆ తరువాత కుదుటపడింది, కాదనను. అయితే 2020 వెర్షన్ డిస్కులో సుమారు 150 జీబీ పెట్టుకునేది, 2024 వెర్షన్ 50 జీబీతో సరిపెట్టుకుని మిగతాదానికి, చివరికి విమానాలకు కూడా, నెట్ వైపు చూస్తుంది. వారు సూచించే వేగం 50 ఎంబీపీఎస్ (సెకనుకు 50 మెగాబిట్లు). అంత వేగాన్ని గంటసేపు ఆపకుండా వాడితే లెక్క ప్రకారం 22 జీబీ దాటుతుంది. నిజానికి అంత ఎడతెరిపి లేకుండా లాగదు గానీ, నెలవారీ డేటాకు పరిమితి ఉన్న నా వంటివాడు ఆ లెక్క వేసుకోక తప్పదు. పదేళ్ళ తరువాత ఆ సర్వర్లు ఆపేస్తే నా బీరువాలో ఏ పెట్టె మిగులుతుంది?

రెండో సీటు (రేణిగుంట):

మాస్టారూ, బీరువాలో ఉన్న పెట్టె ఇప్పుడు మీ కొత్త యంత్రంలో పెట్టడానికి డీవీడీ డ్రైవ్ ఉందా?

శేషాద్రి గాలి (తిరుపతి):

లేదు బాబూ. ఆ దెబ్బ తగిలింది.

నీవా ఒడ్డు (చిత్తూరు):

ఇలా రాసుకుంటూ పోతే తెగదు. శేషాద్రి గారూ, ఎక్స్‌-ప్లేన్ డెమో ఉచితంగానే దొరుకుతుంది గానీ, అందులో ప్రాంతానికీ సమయానికీ హద్దులున్నాయి, మన రేణిగుంట దానిలో రాదు. తిరుపతి నుంచి ఇక్కడికి 70 కిలోమీటర్లే కదా, ఒక ఆదివారం మా ఇంటికి రండి. యోక్ (విమానం స్టీరింగ్), రడ్డర్ పెడల్స్ ఉన్నాయి. మీ చేత్తో దించి, తరువాత మాట్లాడండి.

శేషాద్రి గాలి (తిరుపతి):

మూడు వారాల తరువాత రాస్తున్నాను. చిత్తూరు వెళ్ళి వచ్చాను. నీవా ఒడ్డు గారు కాఫీ ఇచ్చి, రేణిగుంట నుంచి చెన్నైకి, 50 నాటికల్ మైళ్ళు దాటిన ఆ చిన్న దూరాన్ని సెస్నాలో నడపమన్నారు. అరగంట ప్రయాణం. నెట్ తీగను నేనే పీకి పక్కన పెట్టాను, ఏమీ చెదరలేదు. రేణిగుంట విమానాశ్రయం పద్ధతిగానే కనిపించింది. వాడుకరులే విమానాశ్రయాలను తీర్చిదిద్ది ఎక్స్‌-ప్లేన్ వారి గేట్‌వే అనే సైటుకు పంపితే, తరువాతి నవీకరణల్లో అవి అందరికీ చేరతాయట. కొండలు ఎత్తు ప్రకారం సరిగానే ఉన్నాయి, కానీ మీద పరిచినది ఎక్కడి అడవికైనా సరిపోయే పచ్చదనం. మా మిత్రుడి ఇంట్లో చూసిన ఘాట్ రోడ్డు ఇక్కడ లేదు. ఉపగ్రహ చిత్రాలు కావాలంటే ఆర్థో4ఎక్స్‌పీ అనే ప్రోగ్రాంతో మనమే పలకలు (నేల చిత్రపు చదరాలు) తయారు చేసుకోవాలని, ఒక్కొక్క పలకకు కొన్ని జీబీలు పోతాయని ఆయనే చెప్పారు.

చెన్నైలో దిగేటప్పుడు కుడి నుంచి గాలి పెట్టారు. ఇన్నేళ్ళ అలవాటుతో రడ్డర్‌ను పట్టించుకోకుండా దిగబోయాను, విమానం మధ్యగీత వదిలి ఎడమకు జారుకుంటూ పోయింది. రెండోసారీ అంతే. మూడోసారి కాలు వాడాక గీత మీద నిలిచింది. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో ఇన్నేళ్ళుగా కాలు వాడకుండానే దిగుతున్నానని అప్పుడు తెలిసింది.

కాబట్టి ఎక్స్‌-ప్లేన్ 12 తీసుకుంటున్నాను. 32 జీబీ ర్యామ్, కోర్ వేగం చూసుకుని ప్రాసెసర్, మధ్యస్థమైన గ్రాఫిక్స్ కార్డు, పెడల్స్. పెడల్స్ కోసమే కార్డు స్థాయి ఒక మెట్టు దించాను. తిరుమల కొండల చుట్టూ ఉన్న నాలుగు పలకలను మాత్రం ఉపగ్రహ చిత్రాలతో చేసుకుంటాను. ఇక రెండో సీటు బాబుతో ఒక విషయంలో ఓడిపోయానని ఒప్పుకోవాలి: కొండలు చూడాలనిపించినప్పుడు కె.టి. రోడ్డుకే వెళ్తున్నాను. అక్కడి రౌటర్‌కు కూడా నేనే యూపీఎస్ కొనిపెట్టాను.