టెక్సస్‌లో ఎన్‌పీ (నర్స్ ప్రాక్టీషనర్), పీఏ (ఫిజీషియన్ అసిస్టెంట్)లు హైడ్రోకోడోన్ అనే ఓపియాయిడ్ (నల్లమందు తరహా) నొప్పి మందు రాయొచ్చా?

డాలస్_ఎన్‌పీ: వేరే స్టేట్ నుంచి టెక్సస్ క్లినిక్‌లకు మారిన మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

ఫార్మసీ_కౌంటర్: క్లినిక్‌లో అయితే కుదరదండీ. 2014 అక్టోబరు 6న డీఈఏ (మాదకద్రవ్యాల్ని నియంత్రించే కేంద్ర సంస్థ) హైడ్రోకోడోన్‌తో వేరే మందు కలిసిన కాంబినేషన్ మాత్రల్ని షెడ్యూల్ 3 నుంచి 2కి మార్చింది (నంబరు తగ్గేకొద్దీ ఆంక్షలు ఎక్కువ). అంతకుముందు ఫోన్లో చెప్పినా సరిపోయేది, ఆరు నెలల్లో అయిదు రీఫిల్స్ ఉండేవి. ఇప్పుడు రీఫిల్ అన్న మాటే లేదు.

టెక్సస్‌లో ఎన్‌పీ, పీఏలు షెడ్యూల్ 2 రాయగలిగేది మూడు సందర్భాల్లోనే: కనీసం 24 గంటలు ఉంచాలని హాస్పిటల్లో చేర్చుకున్న పేషెంటుకి, హాస్పిటల్ ఎమర్జెన్సీ విభాగంలో ఉన్నవాళ్లకి, హాస్పిస్ (చివరి దశ పేషెంట్ల సేవ)లో ఉన్నవాళ్లకి. హాస్పిటల్లో రాసిన చీటీకి మందు ఆ హాస్పిటల్ ఫార్మసీలోనే తీసుకోవాలి. బయట షాపుకి వస్తే మేం ఇవ్వలేం. అందుకే మోకాలి ఆపరేషన్ పేషెంటుకి డిశ్చార్జికి ముందురోజే సర్జన్ చేత ఈ-ప్రిస్క్రిప్షన్ పంపించండి. శుక్రవారం సాయంత్రం దాకా ఆగితే సర్జన్ దొరకడు, పేషెంటు వారాంతమంతా నొప్పితో ఉంటాడు.

ఫ్లోరిడా_పీఏ: మా దగ్గర వేరు. 2017 జనవరి నుంచి షెడ్యూల్ 2 రాయొచ్చు, 7 రోజులకు మించకుండా. 2018 జులై నుంచి అక్యూట్ పెయిన్‌కి (కొత్తగా వచ్చిన, కొద్దికాలపు నొప్పికి) 3 రోజులే. 7 రోజులు కావాలంటే చీటీ మీద 'అక్యూట్ పెయిన్ ఎక్సెప్షన్' అని ఉండాలి, చార్టులో కారణం రాయాలి. ఆ ముక్క మర్చిపోయారంటే చీటీ వెనక్కొస్తుంది.

మందుల_లెక్క: నన్ను అన్నిటికంటే బాధపెట్టేది వేరే ఉంది. హైడ్రోకోడోన్ చేతిలో లేదని చాలామంది ట్రమడాల్‌కో, టైలెనాల్-3 (కోడీన్ కలిసిన మాత్ర)కో వెళ్తున్నారు. షెడ్యూల్ నంబరు చూసి అవి మెత్తని మందులనుకోవద్దు. కోడీన్ పనిచేయాలంటే ఒంట్లో సీవైపీ2డీ6 ఎంజైమ్ దాన్ని మార్ఫిన్‌గా మార్చాలి. కొందరిలో మారదు, నొప్పి తగ్గదు. కొందరిలో మరీ వేగంగా మారి ఊపిరి మందగిస్తుంది. పరాక్సెటిన్ (డిప్రెషన్ మందు) వాడేవాళ్లకి ట్రమడాల్ ఇస్తే, పరాక్సెటిన్ ఆ ఎంజైమ్‌ని అడ్డుకోవడం వల్ల నొప్పి తగ్గదు, పైగా ఫిట్స్, సెరొటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరొటోనిన్ మితిమీరడం) ముప్పు.

ఒక్కసారి లెక్క వేయండి. 2022 సీడీసీ (అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ) మార్గదర్శకంలో ట్రమడాల్ డోసుని మార్ఫిన్ డోసులోకి మార్చే గుణకం 0.2. రోజుకు 50 మి.గ్రా. నాలుగు మాత్రలంటే 40 ఎంఎంఈ (మార్ఫిన్ మి.గ్రా. లెక్క). హైడ్రోకోడోన్ 5 మి.గ్రా. నాలుగు మాత్రలు 20 మాత్రమే! పాత గుణకం 0.1. మీ సాఫ్ట్‌వేర్‌లో అదే ఉంటే డోసు సగానికి సగం తక్కువ చూపిస్తుంది. వెంటనే చూసుకోండి.

డాలస్_ఎన్‌పీ: చాలా ఉపయోగం అండీ. షెడ్యూల్ 3 నుంచి 5 వరకు మనం రాసేటప్పుడు: డెలిగేటింగ్ డాక్టర్ (మనకి మందులు రాసే అధికారం అప్పగించిన డాక్టర్) పేరు, అడ్రస్, ఫోన్ ఉండాలి. రీఫిల్స్‌తో కలిపి 90 రోజులే, ఆపైన ఆ డాక్టర్‌ని సంప్రదించి చార్టులో రాయాలి. అక్యూట్ పెయిన్‌కి ఓపియాయిడ్ 10 రోజులు, రీఫిల్ లేకుండా. పీఎంపీ (పేషెంటు తీసుకున్న నియంత్రిత మందుల స్టేట్ రికార్డు) ముందే చూడాలి, ఈ పని మన తరఫున చూసే డెలిగేట్‌కి అప్పగించొచ్చు.

ఫార్మసీ_కౌంటర్: ఓపియాయిడ్ వ్యసన చికిత్సకి వాడే బ్యూప్రినార్ఫిన్ సంగతి కూడా చెప్పాలి. అది షెడ్యూల్ 3, కాబట్టి క్లినిక్ ఎన్‌పీకి అందుబాటులోనే ఉంది. ఓపియాయిడ్ వ్యసనానికి రాయాలంటే కావలసిన ఎక్స్-వేవర్ (ప్రత్యేక అనుమతి) 2022 డిసెంబరు చివర్లో పోయింది. 2023 జూన్ 27 నుంచి డీఈఏ రిజిస్ట్రేషన్ తీసుకునేటప్పుడో, రెన్యువల్‌కో 8 గంటల ట్రైనింగ్ ఒక్కసారి చూపిస్తే చాలు. అయినా చాలా క్లినిక్‌లలో ఇంకా పేషెంట్లని తిప్పి పంపేస్తున్నారు. దయచేసి మీ ప్రిస్క్రిప్టివ్ అథారిటీ అగ్రిమెంట్‌లో (మందులు రాయడానికి డాక్టర్‌తో చేసుకున్న ఒప్పందంలో) ఈ మందు రాయడానికి అడ్డం లేకుండా డాక్టర్‌తో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి.